కంప్యూటరులో ప్రతిధ్వని

గోల్కొండ కోట చూడబోయిన వాళ్ళు ఫతే దర్వాజా కింద చప్పట్లు కొట్టకుండా తిరిగి రారు. ఆ చప్పుడు ఎక్కడో పైన బాలాహిసారు దగ్గర వినబడుతుందంటే ఆశ్చర్యపోతాం. బీజాపూరు గోల్ గుంబజ్‌లో ఒక్క కేక వేస్తే అది మళ్ళీ మళ్ళీ తిరిగి వస్తుంది. రాయీ సున్నమూ కలిసి చేసే ఈ పనిని కంప్యూటరు చేత చేయించాలంటే ఏం చేయాలి? దాని దగ్గర గోడ లేదు, గుమ్మటం లేదు. ఉన్నవల్లా అంకెలే. ఆ అంకెలతోనే ఒక ప్రతిధ్వనిని కట్టి, పాటలు వినిపించే ప్రోగ్రాముకు, అంటే మీడియా ప్లేయరుకు, దాన్ని తగిలించడం ఎలాగో ఈ వ్యాసంలో చూద్దాం. కంప్యూటరు శాఖ విద్యార్థులకే కాదు, ఇంటర్మీడియెట్ ఫిజిక్సు కాస్త గుర్తున్న ప్రతివారికీ ఇది అందుతుంది. కూడికా గుణకారమూ వస్తే చాలు.

ముందుగా ఒక్క మాట. ప్రతిధ్వని అంటే మరేమీ కాదు, జ్ఞాపకం. కొంతసేపటి కిందట విన్నదాన్ని ఇప్పుడు మళ్ళీ చెప్పడం. ఆ జ్ఞాపకానికి ఒక కొలత ఉండాలి, ఒక హద్దు ఉండాలి, అవసరమైనప్పుడు మతిమరుపు కూడా ఉండాలి. ఈ మూడూ కుదిరితే మన ప్రోగ్రాము కుదిరినట్లే. ఏ ఒక్కటి తప్పినా చెవులు మూసుకోవలసి వస్తుంది.

దూరమే ఆలస్యం

ఉష్ణోగ్రత 20 డిగ్రీల సెల్సియస్ ఉన్నప్పుడు గాలిలో ధ్వని వేగం సెకనుకు సుమారు 343 మీటర్లు. శబ్దం గోడ దాకా వెళ్ళి తిరిగి రావాలి కాబట్టి దారి రెట్టింపు. విన్న శబ్దపు ముద్ర చెవిలో సెకనులో పదో వంతు నిలుస్తుందనీ, అందుచేత గోడ 17 మీటర్ల దూరంలోనైనా ఉంటే తప్ప ప్రతిధ్వని విడిగా వినబడదనీ మన పాఠ్యపుస్తకాలు చెబుతాయి. అది లెక్క సులువు కోసం పెట్టుకున్న అంకె. నిజానికి మాటల విషయంలో 50 మిల్లీసెకన్ల ఆలస్యం దాటితేనే ప్రతిధ్వని వేరుపడడం మొదలవుతుంది. చప్పట్ల వంటి పొట్టి శబ్దాలకైతే ఇంకా ముందే తెలిసిపోతుంది. అంతకంటె త్వరగా తిరిగొచ్చిన శబ్దం అసలు శబ్దంలో కలిసిపోయి దానికే బలం చేకూరుస్తుంది. 1949లో జర్మనీలో హెల్ముట్ హాస్ అనే ఆయన తన పరిశోధనలో ఈ విషయాన్నే పరిశీలించాడు. నేటికీ దీన్ని ఆయన పేరుతోనే పిలుస్తారు.

మన పాఠానికి పావు సెకను, అంటే 250 మిల్లీసెకన్ల ఆలస్యం తీసుకుందాం. పావు సెకనులో ధ్వని సుమారు 86 మీటర్లు పోతుంది. అందులో సగం 43 మీటర్లు. అంటే మన గదిలో కూర్చునే, 43 మీటర్ల అవతల లేని గోడ ఒకటి కట్టబోతున్నామన్న మాట.

టేపు నాటి ఉపాయం

కంప్యూటర్లు రాకముందు స్టూడియోల వాళ్ళు ఈ గోడను టేపుతో కట్టారు. టేపు రికార్డరులో శబ్దాన్ని రాసే హెడ్డు ఒకటి, చదివే హెడ్డు ఒకటి ఉంటాయి. రెంటికీ మధ్య ఎడమ 5 సెంటీమీటర్లు, టేపు వేగం సెకనుకు 19 సెంటీమీటర్లు అనుకోండి. రాసిన శబ్దం చదివే హెడ్డు దగ్గరికి చేరేసరికి సుమారు 0.26 సెకను గడుస్తుంది. అలా ఆలస్యంగా చదివిన శబ్దాన్ని అసలు శబ్దానికి కలిపితే ఎకో తయారు. అమెరికాలోని మెంఫిస్ నగరంలో శామ్ ఫిలిప్స్ తన సన్ స్టూడియోలో 1954లో ఎల్విస్ ప్రెస్లీ పాటలకు ఇచ్చిన టంకారం ఈ టేపు మహిమే. 1974లో జపాను కంపెనీ రోలాండ్ తెచ్చిన 'స్పేస్ ఎకో' యంత్రంలో టేపు రెండు కొసలూ అతికి ఉంటాయి. అది తిరుగుతూనే ఉంటుంది. పాతది చెరుగుతుంది, కొత్తది దాని మీదే పడుతుంది.

ఈ అతికిన టేపును గుర్తుంచుకోండి. కంప్యూటరులో మనం చేయబోయేది కూడా అచ్చంగా ఇదే.

కొలత: జ్ఞాపకం ఎంత కావాలి?

కాంపాక్టు డిస్కు 1982లో మార్కెట్టుకు వచ్చింది. అందులో శబ్దాన్ని సెకనుకు 44,100 సార్లు కొలిచి, కొలిచిన ప్రతిసారీ ఒక అంకెగా రాస్తారు. ఈ అంకెనే శాంపిల్ అంటారు. స్టీరియో కనుక ఎడమ చెవికి ఒకటి, కుడి చెవికి ఒకటి. ఒక్కొక్కటి 16 బిట్లు, అంటే 2 బైట్లు. దాని విలువ −32,768 నుంచి 32,767 వరకు ఉండవచ్చు. నిశ్శబ్దానికి అంకె సున్న.

ఇప్పుడు లెక్క వేద్దాం. పావు సెకనుకు 44,100లో నాలుగో వంతు, అంటే 11,025 జతలు. జతకు రెండు చొప్పున 22,050 శాంపిళ్ళు. ఒక్కోటి రెండు బైట్లు కాబట్టి 44,100 బైట్లు. సుమారు 43 కిలోబైట్ల జ్ఞాపకంతో 43 మీటర్ల అవతలి గోడ లేచింది!

ఈ చిన్న లెక్కలోనే చాలామంది జారిపడతారు. జతలని మరిచి 11,025 శాంపిళ్ళకే చోటు కేటాయిస్తే ప్రతిధ్వని 250 బదులు 125 మిల్లీసెకన్లకే వచ్చేస్తుంది. శాంపిళ్ళకూ బైట్లకూ తేడా కూడా మరిచి 11,025 బైట్లే కేటాయిస్తే ఆలస్యం 62 మిల్లీసెకన్లకు పడిపోతుంది. ఒక శాంపిల్ ఎక్కువపడి 22,051 అయితే ఇంకో చిత్రం జరుగుతుంది. ప్రతి చుట్టుకీ ఎడమ చెవి శబ్దం కుడికీ, కుడిది ఎడమకీ మారిపోతుంది. అందుకే ఎప్పుడూ జతలను లెక్కపెట్టాలి. బైట్లను ఆఖర్న గుణించుకోవాలి.

గుండ్రటి గూళ్ళు

జ్ఞాపకాన్ని ఎలా అమర్చాలి? గడియారం ముఖం మీద అంకెల బదులు గూళ్ళు ఉన్నాయనీ, ఒకే ఒక ముల్లు గూటి నుంచి గూటికి కదులుతుందనీ ఊహించండి. శాంపిల్ వచ్చినప్పుడల్లా ఈ పనులు ఇదే వరసలో చేయాలి.

ఒకటి: ముల్లు చూపే గూటిలోని పాత అంకెను తీసి పక్కన పెట్టుకోండి.

రెండు: దాన్ని తగ్గింపు అంకెతో, సగమనుకోండి, గుణించి కొత్త శాంపిల్‌కు కలపండి. ఇదే బయటికి పంపవలసిన శబ్దం.

మూడు: అదే గూటిలో కొత్త అంకెను రాయండి.

నాలుగు: ముల్లును ఒక గూడు ముందుకు జరపండి. చివరి గూడు దాటితే మళ్ళీ మొదటి గూటికి తేండి.

గూళ్ళు ఎన్ని ఉంటే ఆలస్యం అన్ని శాంపిళ్ళు. అంతే! టేపు రెండు కొసలూ అతికినట్టు, చివరి గూడు మొదటి గూటికి అతుక్కుంది. వరస మాత్రం తప్పకూడదు. చదవకముందే రాస్తే పాతది పోతుంది. ఇప్పుడే వచ్చిన శబ్దం ఇప్పుడే ఒకటిన్నర రెట్లై వినబడుతుంది తప్ప ప్రతిధ్వని రాదు.

మూడే గూళ్ళతో చేతి లెక్క చేసి చూడండి. ఒక చప్పట్టు కొట్టామనుకుందాం. లోపలికి 1000, తర్వాత అన్నీ సున్నలు. బయటికి 1000, 0, 0, 500 వస్తాయి. ఆ తర్వాత ఏమవుతుందన్నది మూడో మెట్టులో గూటిలో ఏది రాశామన్న దాని మీద ఆధారపడుతుంది. లోపలికి వచ్చిన అసలు శాంపిల్‌నే రాస్తే ప్రతిధ్వని ఒక్కసారి పలికి ఊరుకుంటుంది. బయటికి పంపిన కలిపిన శబ్దాన్ని రాస్తే 500 తర్వాత 250, ఆపైన 125, ఇలా తగ్గుతూ పోతుంది. మొదటిది ఎదురుగా ఒకే గోడ, రెండోది రెండు గోడల మధ్య నిలబడడం. ఒక్క అంకె ఏ గూటికి ఏది వెళ్ళిందన్న తేడాతో ఇంత మార్పు!

హద్దు: ఎంతవరకు?

రెండో పద్ధతిలో తగ్గింపు అంకె ప్రాణప్రదం. సగం పెడితే పది చుట్లలో, అంటే రెండున్నర సెకన్లలో, శబ్దం వెయ్యో వంతుకు దిగుతుంది. 0.9 పెడితే అంతగా దిగడానికి 66 చుట్లు, అంటే పదహారున్నర సెకన్లు పడుతుంది. పాటలో ఒక చరణం ముగిసి ఇంకోటి మొదలైనా పాతది వదలదు. సరిగ్గా 1 పెడితే శబ్దం చావదు. 1.1 పెడితే? 1000 స్థాయి చప్పట్టు ప్రతి చుట్టుకీ పెరిగి, 37 చుట్లలో, అంటే పది సెకన్లు కూడా గడవకముందే, 16 బిట్ల హద్దు దాటుతుంది. మైకును స్పీకరు ముందు పెడితే పుట్టే కూత లాంటిదే ఇది కూడా. అందుచేత వాడేవారు మీట ఎంత తిప్పినా ఆ అంకె 0.9 దాటకుండా ప్రోగ్రాములోనే కట్టడి చేయాలి. వాడేవారి విజ్ఞతకు వదిలేయకూడదు.

ఇంకో హద్దు కూడిక దగ్గర ఉంది. 30,000కు 10,000 కలిపితే 40,000. కాగితం మీద సరే. కాని 16 బిట్లలో 40,000 పట్టదు. అది చుట్టు తిరిగి −25,536 అయి కూర్చుంటుంది. అత్యున్నత శిఖరం మీద ఉండవలసిన శబ్దతరంగం ఒక్కసారిగా లోయలో పడుతుంది. చెవికి అది చిటపట పేలినట్టు తగులుతుంది. కాబట్టి కూడిక 32 బిట్లలో చేసి, ఫలితం 32,767 దాటితే అక్కడే ఆపాలి. కింద −32,768 దగ్గరా అంతే. ఇలా ఆపినా శబ్దం కొంత మోటుబడుతుంది. కనుక అసలు శబ్దాన్నే ముందు కాస్త తగ్గించి కలపడం మేలు. తగ్గింపు సగమున్నప్పుడు చుట్లన్నీ పేరుకుంటే మొత్తం రెట్టింపు దాకా పోవచ్చు. అదీ లెక్క.

అతిథి ధర్మం

ఇప్పుడు దీన్ని ప్లేయరుకు తగిలించాలి. ఇలా బయటివారు రాసి ఒక ప్రోగ్రాముకు తగిలించే ముక్కను ప్లగ్-ఇన్ అంటారు. 1997లో వచ్చిన వినాంప్ ప్లేయరు ఇటువంటివాటికి పేరుపడింది. మైక్రోసాఫ్ట్ వారి విండోస్ మీడియా ప్లేయరుకు 2003లో వచ్చిన తొమ్మిదో సిరీస్ నుంచి ఈ సౌకర్యం ఉంది. వారు ఇచ్చే తయారీ మూస శబ్దస్థాయిని మార్చడం మాత్రమే చేస్తుంది. దాన్ని ఎకోగా మార్చడం వారి పత్రాల్లో ఒక అభ్యాసం. విండోస్ 11కు కొత్త ప్లేయరు వచ్చాక పాత ప్లేయరు పేరుకు 'లెగసీ' అన్న తోక చేరింది. అయినా ఇందులో నేర్చిన పద్ధతి ఏ ప్లేయరుకైనా పనికొస్తుంది.

ప్లగ్-ఇన్ చుట్టంగా వెళ్ళినవాడి లాంటిది. ఇల్లు ప్లేయరుది. ప్లగ్-ఇన్‌లో తప్పు జరిగి కూలిపోతే ఇల్లు మొత్తం కూలుతుంది, ఎందుకంటే రెండూ ఒకే కప్పు కింద నడుస్తాయి. అందుకని కొన్ని మర్యాదలు పాటించాలి.

మొదటిది ఒప్పందం. పాట మొదలుకాకముందు ప్లేయరు "ఇన్ని శాంపిళ్ళు, ఇన్ని బిట్లు, ఇన్ని చానెళ్ళు. నీకు చేతనవునా?" అని అడుగుతుంది. చేతనైతే ఔననాలి, కాకపోతే కాదనాలి. తెలియని పద్ధతికి తలూపి తర్వాత పాడుచేయడం కంటె ముందే కాదనడం మర్యాద.

రెండోది సామాను. గూళ్ళకు కావలసిన చోటు పాట మొదలయ్యేటప్పుడు తీసుకోవాలి, ముగిశాక తిరిగి ఇచ్చేయాలి. ప్లేయరు శబ్దాన్ని ముక్కలు ముక్కలుగా, అంటే బఫర్లుగా అందిస్తుంది. గూళ్ళూ ముల్లూ ఒక బఫరు నుంచి ఇంకో బఫరు దాకా నిలిచి ఉండాలి. వాటిని పనిచేసే ఫంక్షను లోపల పుట్టిస్తే బఫరు అయిపోగానే జ్ఞాపకం పోతుంది, ప్రతిధ్వని ముక్కలవుతుంది.

మూడోది వేళ. 1,024 జతల బఫరులో ఉండే శబ్దం 23 మిల్లీసెకన్లు మాత్రమే. సగటున ఆ వేళలోపు పని ముగించి ఇవ్వలేకపోతే పాట తెగుతుంది. కాబట్టి శాంపిళ్ళ మధ్య ఫైళ్ళు తెరవడం, కొత్తగా చోటు అడగడం వంటివి పెట్టుకోకూడదు. పాట నడుస్తూండగా వాడేవారు ఆలస్యం మీట తిప్పితే, ఒకవైపు గూళ్ళు చదువుతూండగానే ఇంకోవైపు ఆ గూళ్ళను పీకేసే ప్రమాదం ఉంది. ముందే రెండు సెకన్లకు సరిపడా 3,52,800 బైట్లు తీసి ఉంచుకోండి. ఆ తర్వాత ఎన్ని గూళ్ళు వాడాలన్న అంకెను మాత్రం, బఫరుకూ బఫరుకూ మధ్య మార్చండి. గొడవే ఉండదు.

మతిమరుపు

ఒక విషాద గీతం సగంలో ఉండగా శ్రోత దాన్ని మార్చి పెళ్ళి పాట పెట్టాడు. సన్నాయి మొదలైన పావు సెకనుకు పాత పాట ఏడుపు దాని వెనక వినబడింది! గూళ్ళలో పాతది అలాగే ఉండిపోవడం వల్ల వచ్చే చిక్కు ఇది. శ్రోత పాట మార్చినా, పాటలో ముందుకు వెనక్కు జరిపినా, ప్లేయరు ఆ కబురు ప్లగ్-ఇన్‌కు అందజేస్తుంది. దీనికి 'ఫ్లష్' అని పేరు. ఆ కబురు అందగానే గూళ్ళన్నిటిలో నిశ్శబ్దం నింపాలి.

ఇక్కడో మెలిక ఉంది. 16 బిట్లలో నిశ్శబ్దం సున్న అని చెప్పుకున్నాం. కాని 8 బిట్ల శబ్దంలో అంకెలు 0 నుంచి 255 వరకు. అక్కడ నడిమి గీత 128. కనుక నిశ్శబ్దం 128 అవుతుంది. అక్కడ సున్న నింపితే నిశ్శబ్దం బదులు ధన్‌మని చప్పుడు వినబడుతుంది. ప్రతిధ్వనిని ఆపి మళ్ళీ వేసినప్పుడు కూడా గూళ్ళు తుడవాలి. లేకపోతే ఎప్పటిదో మాట ఇప్పుడు పలుకుతుంది.

పరీక్షించి చూడండి

పూర్తయిందనుకున్నాక పాట పెట్టి "బాగానే ఉంది" అనుకోవడం పరీక్ష కాదు. ఐదు పరీక్షలు పెట్టండి. నిశ్శబ్దం పంపితే నిశ్శబ్దమే రావాలి. 10,000 విలువ గల ఒక్క శాంపిల్ పంపి తర్వాత సున్నలు పంపితే, సరిగ్గా 11,025 జతల తర్వాత 5,000 రావాలి, ఒక్కటి ముందూ వద్దు, వెనకా వద్దు. ఎడమ చెవికే శబ్దం పంపితే ప్రతిధ్వని ఎడమ చెవికే రావాలి. అత్యంత బిగ్గరగా ఉన్న పాట పంపితే పేలకూడదు. చివరిది ముఖ్యం. స్విచ్చి ఆపితే లోపలికి వచ్చిన అంకెలు ఒక్క బిట్టు కూడా మారకుండా అలాగే బయటికి పోవాలి.

వచ్చు – వద్దు

చివరి పరీక్ష ఎందుకు ముఖ్యమో చెప్పి ముగిస్తాను. మన సభల్లో మైకు సెట్లవాళ్ళకు ఎకో అంటే మహా ఇష్టం. పాటకు అది అందమే. కాని పాట అయ్యాక ఉపన్యాసానికి కూడా ఆ మీట అలాగే వదిలేస్తే వెనక వరసల వాళ్ళకు ఒక్క మాటా అర్థం కాదు. కారణం మన లెక్కలోనే ఉంది. మామూలుగా మాట్లాడేటప్పుడు సెకనుకు నాలుగైదు అక్షరాలు పలుకుతాం. అంటే ఒక్కో అక్షరానికి సుమారు పావు సెకను. పావు సెకను ఆలస్యంతో వచ్చే ప్రతిధ్వని సరిగ్గా తర్వాతి అక్షరం నెత్తిన పడుతుంది.

మన భాషలో చాలాసార్లు వాక్యం అర్థమంతా చివరి అక్షరంలో ఉంటుంది. తుపాను రోజుల్లో తీరగ్రామంలో మైకు పెట్టి "వేటకు వెళ్ళవచ్చు" అన్నా, "వేటకు వెళ్ళవద్దు" అన్నా తేడా అంతా 'చ్చు', 'ద్దు'లదే. ఆ ఒక్క అక్షరం మీద ముందరి 'వ' తాలూకు ప్రతిధ్వని వచ్చి పడితే వినేవాడు ఏమనుకోవాలి? ముసలివారికీ, చెవులు కాస్త మందగించినవారికీ ఇంకా కష్టం. పాఠాల రికార్డింగులు ప్లేయరులో పెట్టి వినే విద్యార్థికి కూడా 'అవును', 'కాదు'ల దగ్గర ఇదే ఇబ్బంది.

అందుచేత ప్రతిధ్వని ప్లగ్-ఇన్ రాసే మిత్రులారా, మొదటిసారి తెరిచినప్పుడు అది ఆగి ఉండేటట్లు పెట్టండి. కావలసినవారు వేసుకుంటారు. వేసినప్పుడు వేసినట్టు తెరమీద కనబడాలి, ఆపితే మాట మాటలాగే వినబడాలి. ఒక మామూలు కంప్యూటరు, ఒక సి ప్లస్ ప్లస్ కంపైలరు, నాలుగు సాయంత్రాల తీరిక ఉంటే ఈ పని మన హాస్టలు గదిలోనే అవుతుంది. మూడు గూళ్ళతో కాగితం మీద మొదలుపెట్టండి. చేతి లెక్క కుదిరాకే మిషను దగ్గరికి వెళ్ళండి.